స్వాతికి, అడిస్ అబాబాలో నడవబోయే ముందు

స్వాతీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇథియోపియాలో మీటింగ్ అయ్యాక నీకు ఒక శనివారం మిగిలిందట, అడిస్ అబాబాలో గైడుతో నడుస్తూ ఊరు చూసే టూర్ బుక్ చేసుకున్నావట. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. మా పిల్ల ఒక్కతే వెళ్లి ఆ వీధుల్లో తిరుగుతుందంటే గర్వంగానే ఉంది, కానీ చిన్నప్పుడు చలికాలం వస్తే నీకెంత ఆయాసం వచ్చేదో రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నదాన్ని నేను, మీ అమ్మ మర్చిపోయినా నేను మర్చిపోను.

అందుకే ముందు ఆ సంగతి. ఆ ఊరు దాదాపు 2,350 మీటర్ల ఎత్తులో ఉంది. ఊటీ కంటే ఎత్తు, తిరుమలకి రెండు రెట్ల పైనే. విమానం నేరుగా తీసుకెళ్లి దింపుతుంది కాబట్టి కొండెక్కినట్టే ఉండదు, చుట్టూ మేడలు, ట్రాఫిక్, మామూలు పట్నంలాగే కనిపిస్తుంది, తీరా నాలుగు మెట్లెక్కేసరికి గుండె దడదడలాడుతుంది. దిగిన రోజే నడక పెట్టుకోకు. ఇన్‌హేలర్ సూట్‌కేసులో కాదు, జేబులో ఉండాలి. గైడు ఎంటోటో కొండ మీదకు తీసుకెళ్తానంటే ఈసారికి వద్దని చెప్పు, అది 3,000 మీటర్లు దాటుతుంది. ఆయాసం వస్తే సిగ్గుపడకుండా ఆగమను. అందరూ నీ కోసం ఆగుతారు.

మిగతావి నీకు తెలిసినవే. మంచి బూట్లు, నీళ్లు, పలచటి స్వెటర్. మెర్కాటో బజారులో ఫోన్ చేతిలో పట్టుకుని తిరగకు. ప్యాలెస్ దగ్గర, ఆఫీసుల దగ్గర, పోలీసుల వైపు కెమెరా ఎత్తకు. చర్చిలోకి వెళ్లేటప్పుడు తలమీద చున్నీ కప్పుకో, చెప్పులు బయట విడవాలి, మన గుడికి వెళ్లినట్టే. బుధ, శుక్రవారాలు అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాసపు రోజులు, మాంసం, పాలు, నెయ్యి ఏవీ ఉండవు, ఆ రోజుల్లో నీలాంటి శాకాహారికి చాలా హోటళ్లలో కడుపు నిండుతుంది. ఇంజెర పుల్లగా ఉందని మొదటి ముద్దకే వదిలేయకు, టెఫ్ అనే ధాన్యం పిండి పులియబెట్టి పోసిన అట్టు అది, కారంగా ఎర్ర కందిపప్పుతో చేసిన మిసిర్ వొట్‌తో తిని చూడు. నడిచేటప్పుడు మాత్రం కాళ్ల కిందకు చూసుకో. మేమున్నప్పుడు ఫుట్‌పాత్ మీద కాలువ మూతలు కొన్ని ఉండేవి, కొన్ని ఉండేవి కావు. నేనొకసారి తూలి పడబోతే రోడ్డు మీద ఎవరెవరో "ఆయ్‌జోష్" అన్నారు. ఆడవాళ్లతో అనే మాట. ఏం కాదు, ధైర్యంగా ఉండు అని. ముక్కూ మొహం తెలియని వాళ్లు అన్న మాట అది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

2006లో మీ పెదనాన్నకి అక్కడి యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది. అక్టోబరు నెల, వానలు వెనకపట్టాయి, ఖాళీ జాగాల నిండా మన తంగేడు పూల రంగులో చిన్న చిన్న పసుపు పూలు. వేరే ఊరికి పోస్టింగ్ ఇచ్చేదాకా రెండు వారాలు అడిస్‌లోనే ఉండాలి. గెస్ట్‌హౌస్ వాళ్లు ఒక కాలేజీ కుర్రాడిని మాట్లాడి పెట్టారు, శనివారం ఊరు చూపించడానికి. "మూడు గంటలకి అరాత్ కీలో స్తంభం దగ్గర" అన్నాడు. సరేనన్నాం. భోంచేసి, కాస్త నడుం వాల్చి, మూడింటికల్లా వెళ్లాం. ఆ అబ్బాయి స్తంభం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, మమ్మల్ని చూడగానే లేచి నవ్వాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నేను అది చూశాను, అడగలేదు.

ట్రినిటీ చర్చికి తీసుకెళ్లాడు, హైలె సెలాసీ చక్రవర్తిని 2000లో సమాధి చేసింది అక్కడే. మ్యూజియంలో లూసీని చూపించాడు. 1974లో దొరికిన ఆదిమ మానవ పూర్వీకురాలి ఎముకలు, 32 లక్షల ఏళ్ల నాటివి, వాళ్ల భాషలో ఆమె పేరు దింకినేష్. అద్దాల పెట్టెలో ఉన్నది నమూనా అని కూడా దాచకుండా చెప్పాడు. తర్వాత సిదిస్త్ కీలోలో యెకాటిట్ 12 స్తంభం, అది వాళ్ల క్యాలెండర్ ప్రకారం ఒక తేదీ. 1937 ఫిబ్రవరిలో ఆ రోజు, అప్పట్లో దేశాన్ని ఆక్రమించిన ఇటలీ వాళ్ల అధికారి మీద హత్యాప్రయత్నం జరిగితే, దానికి బదులుగా మూడు రోజులు ఊళ్లో జనాన్ని వేలల్లో చంపారు. స్తంభం చుట్టూ ఆ బొమ్మలే చెక్కి ఉంటాయి. అక్కడ ఆ అబ్బాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మీ పెదనాన్న వాచీ చూసుకుంటూ, ఇంకా సగం కూడా అవలేదు, మధ్యాహ్నం ఎందుకు పెట్టాడో, పొద్దున్నే రమ్మంటే పోయేది కదా అని తెలుగులో విసుక్కున్నారు. నేనూ అవునన్నాను.

చివరికి ఆ అబ్బాయి వాళ్ల ఇంటికి పిలిచాడు, షిరో మేడ అనే పేటలో, నేత బట్టల కొట్లు ఉండే వైపు. ఒకటే గది. నేల మీద పచ్చగడ్డి పరిచి ఉంది, సాంబ్రాణి పొగ. వాళ్లమ్మ పచ్చి కాఫీ గింజలు కడిగి, మా ఎదురుగానే బొగ్గుల మీద వేయించి, ఆ పొగ మా మొహాల దగ్గరికి తెచ్చి వాసన చూపించింది, దంచి, మట్టి కూజాలో కాచి, చెవిలేని చిన్న కప్పుల్లో పోసింది, పక్కన పేలాలు పెట్టింది. ఒక కప్పు తాగాం. బయట చీకటి పడుతోంది. నాకు భయం వేసింది స్వాతీ, కొత్త దేశం, ఎవరి ఇల్లో, ఎలా వెళ్తామో అని. లేద్దామని ఈయన మోచేయి పట్టి లాగింది నేనే. ఆవిడ కూజాలో మళ్లీ నీళ్లు పోస్తూ చెయ్యి ఆపి నా వైపు చూసింది. గుమ్మం దగ్గర మీ పెదనాన్న, చూసింది సగమే కదా అని, మాట్లాడుకున్న డబ్బులో సగమే ఇచ్చారు. ఆ అబ్బాయి రెండు చేతులతో తీసుకున్నాడు. ఒక్క మాట అనలేదు.

మర్నాడు అక్కడ చాలాకాలంగా ఉంటున్న మన తెలుగు మాస్టారి భార్య చెప్పింది. వాళ్ల గడియారం సూర్యోదయంతో మొదలవుతుందట. మన ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట. వాళ్ల మూడు అంటే మన పొద్దున తొమ్మిది. ఆ పిల్లాడు తొమ్మిది నుంచి మూడింటిదాకా ఆ మెట్ల మీద మా కోసం కూర్చున్నాడు. కాఫీ మూడుసార్లు పోస్తారనీ, మూడో కప్పుని బరకా అంటారనీ, అంటే దీవెన అనీ కూడా ఆవిడే చెప్పింది. మా తాతగారు పంచాంగం ముందు పెట్టుకుని సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టేవారు, ఆయన పక్కన కూర్చుని పెరిగిన నాకు ఆ లెక్క తట్టకపోవడం ఇప్పటికీ బాధే. తర్వాతి శనివారం ఇద్దరం స్తంభం దగ్గరికి వెళ్లి పొద్దున తొమ్మిది నుంచి కూర్చున్నాం. అతను రాలేదు. షిరో మేడలో ఆ సందు ఎంత వెతికినా దొరకలేదు. గెస్ట్‌హౌస్ వాళ్లకీ ఆచూకీ తెలియలేదు. ఆ వారమే మేం ఊరు వదిలేశాం.

అందుకని గైడుతో మాట్లాడేటప్పుడు సిగ్గుపడకుండా అడుగు, ఇది మీ టైమా, ఫెరెంజి టైమా అని. ఫెరెంజి అంటే విదేశీయులు. మెసేజ్‌లో రాసి ఉన్నా మళ్లీ అడుగు. తేదీలు కూడా వేరే, వాళ్ల సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక, 2000వ సంవత్సరం వాళ్లకు 2007 సెప్టెంబరులో వచ్చింది, ఆ పండగ మేం అక్కడుండి చూశాం. రసీదు మీద అంకె చూసి టెన్షన్ పడకు.

పియాస్సా వీధుల్లో మేం తిరిగిన పాత ఇళ్లు చాలా 2024లో పడగొట్టారు. అదే ఏడాది అక్కడ అద్వా మ్యూజియం తెరిచారు, 1896లో ఇటలీ సైన్యాన్ని ఓడించిన యుద్ధం పేరు మీద. తప్పకుండా చూడు. ఆ యుద్ధానికి మెనెలిక్ రాజుతో పాటు రాణి తాయితు కూడా వెళ్లింది. అడిస్ అబాబా అని, అంటే కొత్త పువ్వు అని, ఊరికి పేరు పెట్టింది కూడా ఆవిడే. గైడు ఎక్కడైనా మాట ఆపేసి నిలబడితే నువ్వూ నిలబడు. వాచీ చూడకు.

ఎవరింటికైనా పిలిస్తే? రాత్రంతా ఆలోచించినా నాకు తేలలేదు. ఒక్కదానివే తెలియని ఇంటికి వెళ్లొద్దనే నా మనసు చెప్తోంది. టూర్‌లో ఇంకో నలుగురుంటే, పగలైతే, వెళ్లు. వెళ్తే మాత్రం మూడో కప్పు తాగకుండా లేవకు. మీ పెదనాన్న ఇప్పటికీ తెనాలిలో ఎవరింటికి వెళ్లినా తొందరపడి లేవరు.

మీ అమ్మ ఖాతాలో కొంత డబ్బు వేశాను. నీ గైడుకి ఇవ్వాల్సింది పూర్తిగా ఇచ్చి, దాని మీద ఇది కలిపి ఇవ్వు. ఎందుకని అడిగితే మా పెద్దమ్మ ఇచ్చిందని చెప్పు చాలు.

రూముకి చేరగానే మెసేజ్ పెట్టు. మనం రెండున్నర గంటలు ముందుంటాం, అక్కడ రాత్రి తొమ్మిదైతే ఇక్కడ పదకొండున్నర. ఫరవాలేదు, మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ