టెక్ సందేహాలు: పిలవని ఆహ్వానాలు, అడగకూడని అనుమతులు

తాము రాయని కార్యక్రమాలు తమ క్యాలెండర్‌లో కనిపిస్తున్నాయని చాలామంది రాస్తున్నారు. కొందరు భయపడ్డారు, కొందరు అవసరం లేని యాప్‌లు కొన్నారు. అందుకే మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది.

ప్రశ్న (హన్మకొండ పాఠకురాలు): నా వెబ్ క్యాలెండర్‌లో రోజూ రాత్రి 11 గంటలకు ‘మీ చెల్లింపు నిలిచిపోయింది, వెంటనే సరిచూసుకోండి’ అనే ఈవెంట్ మోగుతోంది. కింద ఒక లింకు ఉంది. దాన్ని నొక్కలేదు. ‘రాను’ అని జవాబిచ్చాను. ఆ తర్వాత ఇంకా ఎక్కువయ్యాయి. ఫోనులో వైరస్ చేరిందా? యాంటీవైరస్ కొనమంటారా?

జవాబు: వైరస్ కాదు. ఏమీ కొనవద్దు. మీ ఖాతాలోకి ఎవరూ చొరబడలేదు. పిలవని వాళ్లు కూడా రాగలిగేలా క్యాలెండర్‌ను తయారు చేసినవాళ్లే వదిలేశారు.

వెబ్ క్యాలెండర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఐక్యాలెండర్ అనే ఉమ్మడి ప్రమాణం ద్వారా. ఇది 1998లో వెలువడింది, 2009లో దాన్ని సవరించారు. మీరు ఒక సేవ వాడుతూ, మీ సహోద్యోగి మరో సేవ వాడుతున్నా సమావేశం ఇద్దరికీ సరిగ్గా కనిపించడం దీని వల్లే. ఆహ్వానం ఐసీఎస్ అనే చిన్న ఫైలుగా మెయిల్‌లో వస్తుంది. ఆ మెయిల్ అందగానే, మీరు తెరవకపోయినా, మీ క్యాలెండర్ ఆ ఫైలును చదివి తేదీ గడిలో ఈవెంట్ పెట్టేస్తుంది. ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ల మధ్య ఇది మంచి సౌకర్యం. ప్రపంచంలో ఎవరైనా ఉత్తరం పంపగల మెయిల్ చిరునామాకు కూడా ఇదే పద్ధతి అమర్చడం మాత్రం శుద్ధ నిర్లక్ష్యం. మెయిల్‌కు ఏళ్ల తరబడి స్పామ్ వడపోతలు కట్టుకుంటూ వచ్చి, క్యాలెండర్‌ను ఇలా వదిలేయడం వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టడమే.

వడపోతలు వీటిని ఎందుకు పట్టుకోలేకపోతున్నాయని మరికొందరు అడిగారు. మోసగాళ్లు చాలాసార్లు ఈ ఆహ్వానాన్ని సొంత సర్వర్ నుంచి పంపరు. ఏదో ఒక పేరున్న క్యాలెండర్ సేవలోనే ఖాతా తెరిచి, దాని ద్వారానే పంపిస్తారు. అప్పుడు మెయిల్ నిజంగానే ఆ సేవ సర్వర్ల నుంచి వస్తుంది. పంపినవారు అసలువారేనా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం పరీక్షలు రెండూ నెగ్గుతుంది. ఏ సర్వర్ నుంచి వచ్చిందో ఆ పరీక్షలు చెప్పగలవు కానీ, ఖాతా తెరిచినవాడి ఉద్దేశం చెప్పలేవు.

మీరు ‘రాను’ అనడం మర్యాదే. కానీ ఆ జవాబు మెయిల్ రూపంలో నేరుగా ఆహ్వానం పంపినవాడికే వెళ్తుంది. ఈ చిరునామా వెనుక ఒక మనిషి ఉన్నారని, వచ్చినవి చూస్తున్నారని మీరే రుజువు ఇచ్చినట్టయింది. ఎక్కువ కావడానికి కారణం బహుశా అదే. వస్తాను, రాను, చూస్తాను అనే మూడింటిలో దేన్నీ నొక్కకండి. ఈవెంట్ తెరిచి, స్పామ్ అని ఫిర్యాదు చేసే అవకాశం ఉంటే అదే వాడండి. సాధారణంగా దాంతో వరుస మొత్తం పోతుంది. మామూలుగా తొలగించబోతే, నిర్వాహకుడికి కబురు పంపాలా అని కొన్ని సేవలు అడుగుతాయి. వద్దనండి.

ఆ తర్వాత చేయాల్సిన పని ఒక్కటే. కంప్యూటర్‌లో క్యాలెండర్ సెట్టింగ్స్ తెరిచి ఆహ్వానాలకు సంబంధించిన భాగానికి వెళ్లండి. అక్కడ ‘అందరి నుంచి’ అని ఉంటుంది. దాన్ని ‘తెలిసినవారి నుంచి మాత్రమే’ అనో, ‘నేను మెయిల్‌లో అంగీకరించిన తర్వాతే’ అనో మార్చండి. నా సలహా రెండోదే. ఎందుకంటే ‘తెలిసినవారు’ అంటే మీ కాంటాక్ట్స్‌లో ఉన్నవారు, మీరు ఇంతకు ముందు మెయిల్ రాసినవారు. వాళ్లలో ఒకరి ఖాతా దొంగల చేతిలో పడితే ఆ వడపోత పనిచేయదు. పక్కనే ఉన్న ‘మెయిల్ నుంచి ఈవెంట్లను దానంతట అదే చేర్చడం’ అన్నది వేరే సంగతి. అది మీ రైలు, విమానం టికెట్ల మెయిళ్లు చదివి ప్రయాణ తేదీలు చేరుస్తుంది. అది ఉండాలో వద్దో మీ ఇష్టం.

ఫోనులోని క్యాలెండర్ యాప్‌లో ఇలాంటివి కనబడి, తొలగించినా మర్నాడు మళ్లీ వస్తుంటే సంగతి వేరు. ఏదో వెబ్ పేజీలో కనిపించిన ‘సరే’ నొక్కి, మీకు తెలియకుండానే పరాయి క్యాలెండర్‌కు చందాదారులయ్యారు. ఒక్కో ఈవెంట్‌ను తొలగించడం దండగ. క్యాలెండర్ల జాబితాలోకి వెళ్లి, మీరు పెట్టని పేరు కనిపిస్తే ఆ చందానే తీసేయండి.

ఎవరైనా ఆ లింకు నొక్కి డబ్బు పోగొట్టుకున్నారా? క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల జాతీయ సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. బ్యాంకు తెరిచే దాకా ఆగవద్దు. డబ్బు ఖాతా నుంచి ఖాతాకు మారకముందే ఆపించగలిగితేనే అది దక్కే ఆశ ఉంటుంది.

ఇంతవరకూ చెప్పింది పాత బెడద. నన్ను అంతకంటే కలవరపెడుతున్నది, ఈ మధ్య ప్రతి మెయిల్‌కూ క్యాలెండర్‌కూ తగిలిస్తున్న కృత్రిమ మేధ సహాయకులు. ‘ఈ వారం నాకేం పనులున్నాయి?’ అని అడిగితే ఇవి మీ ఈవెంట్లన్నీ చదివి సారాంశం చెబుతాయి. చదివేటప్పుడు ఏది సమాచారం, ఏది ఆజ్ఞ అన్న తేడా వీటికి గట్టిగా తెలియదు. 2025 ఆగస్టులో లాస్ వేగస్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ భద్రతా సదస్సులో ఇజ్రాయెల్ పరిశోధకులు దీన్ని కళ్లకు కట్టారు. ఒక మామూలు క్యాలెండర్ ఆహ్వానంలో సహాయకుడికి ఆదేశాలు రాసి పంపారు. యజమాని తన పనుల సారాంశం అడిగి, చివర్లో ధన్యవాదాలు చెప్పగానే ఇంట్లో దీపాలు ఆరిపోయాయి, కిటికీలు తెరుచుకున్నాయి. ఆయన ఏ లింకూ నొక్కలేదు. పరిశోధకులు ముందే తెలియజేయడంతో, ఆ సహాయకుడిని తయారు చేసిన సంస్థ రక్షణలు పెంచింది. కానీ ఇబ్బంది ఆ ఒక్క సంస్థది కాదు. మనకు తెలియనివాళ్లు రాసిన మాటలను చదివి మన తరఫున పనులు చేసే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఈ బలహీనత ఉంటుంది.

‘అనుమానం ఉంటే లింకు నొక్కవద్దు’ అని ఇన్నేళ్లుగా పాఠకులకు చెబుతూ వచ్చాం. ఇక్కడ నొక్కాల్సిన లింకే లేదు. ముక్కూమొహం తెలియనివాళ్ల ఆహ్వానాలను తనంతట తాను చేర్చుకునే క్యాలెండర్ ఒకవైపు, దాన్ని నమ్మకంగా చదివి పనులు చేసే సహాయకుడు మరోవైపు. ఈ రెంటినీ కలిపి, రెండూ మొదటి నుంచే ఆన్‌లో పెట్టి, కొత్త సౌకర్యమని ప్రకటించడం బాధ్యత లేని పని. మీకు ఆ సారాంశాలు తప్పనిసరి కాకపోతే సహాయకుడికి క్యాలెండర్, మెయిల్ చూసే అనుమతి తీసేయండి. ఉంచుకుంటానంటే కనీసం తలుపు తాళాలు, కెమెరాలు, చెల్లింపుల యాప్‌లు దానికి కలపవద్దు.

ప్రశ్న (రాజమహేంద్రవరం): డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ప్రతి ఆదివారం ఉదయం 7.30కి వీడియో కాల్ పెట్టాడు. నవంబరులో అది దానంతట అదే 8.30కి మారిపోయింది. క్యాలెండర్ చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదండీ. ప్రతి వారం వచ్చే ఈవెంట్ దాన్ని సృష్టించినవారి ఊరి గడియారాన్ని పట్టుకుని ఉంటుంది. మీ అబ్బాయి శనివారం రాత్రి 9 అని పెట్టాడు. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం ముందుకు జరుపుతారు. మన గడియారం ఏడాదంతా ఒకటే. అందుకని అక్కడి 9 గంటలు ఇక్కడ చలికాలంలో 8.30 అవుతుంది. ఉదయం 7.30 మీకు ముఖ్యమైతే ఆ ఈవెంట్ మీరే సృష్టించి ఆయనకు ఆహ్వానం పంపండి. అప్పుడు చలికాలంలో అక్కడ రాత్రి 8 అవుతుంది.

ప్రశ్న (ఏలూరు): తిథి, నక్షత్రం, రాహుకాలం క్యాలెండర్‌లో చేరుస్తుందని ఒక పంచాంగం యాప్ వేసుకున్నాను. అది నా క్యాలెండర్‌ను మార్చే అనుమతి, కాంటాక్ట్స్ చూసే అనుమతి అడిగింది. ఇచ్చాను. ఇప్పుడు నా పరిచయస్తులకు నా పేరుతో పండుగ సందేశాలు, యాప్ ప్రకటనలు వెళ్తున్నాయట. పాస్‌వర్డ్ మార్చాను. చాలదా?

జవాబు: చాలదు. యాప్‌కు మీరు ఇచ్చినది పాస్‌వర్డ్ కాదు, అనుమతి. అది ఒక్కొక్కప్పుడు పాస్‌వర్డ్ మారినా చెల్లుతూనే ఉంటుంది. మీ మెయిల్ ఖాతా భద్రతా పేజీలో బయటి యాప్‌ల జాబితా ఉంటుంది. అక్కడ దాని పేరు వెతికి అనుమతి రద్దు చేయండి. ఫోను సెట్టింగ్స్‌లో కాంటాక్ట్స్ అనుమతి కూడా తీసేసి, ఆ తర్వాతే యాప్ తొలగించండి. మెయిల్‌లో ఫార్వర్డ్ నియమాలు కూడా ఒకసారి చూడండి. మీరు పెట్టని చిరునామాకు ఉత్తరాల నకళ్లు వెళ్తుంటే వెంటనే ఆపండి.

రాహుకాలం లెక్కకు మీ ఊరి సూర్యోదయం, సూర్యాస్తమయం తెలియాలి. కాబట్టి ఊరి పేరు అడగడం న్యాయమే. తిథికి మీ డాక్టరు ఫోను నంబరుతో ఏం పని? మీ వియ్యపురాలి మెయిల్‌తో ఏం పని? కాంటాక్ట్స్ జాబితా పేరుకే మీది. అందులోని ప్రతి నంబరూ ఇంకొకరిది. వాళ్లెవరూ ఆ యాప్‌కు ‘సరే’ అనలేదు. కొన్ని యాప్‌లు అనుమతి ఇవ్వకపోతే ముందుకే కదలవు. అలాంటి యాప్ ఎంత బాగున్నా నేను దాన్ని మోసం కిందే లెక్కిస్తాను. అడిగిందల్లా చదవకుండా ఒప్పుకునే వాడుకరుల మీద కూడా నాకు కోపమే. మన తొందరకు మూల్యం చెల్లించేది మన పరిచయస్తులు.

ఈ విషయంలో మన చట్టం స్పష్టంగానే ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆరో సెక్షన్‌లో ఉదాహరణగా చెప్పినది సరిగ్గా ఇదే: వైద్య సలహా ఇచ్చే యాప్ కాంటాక్ట్స్ కూడా అడిగితే, వాడుకరి రెంటికీ ఒప్పుకున్నా, ఆ సేవకు కాంటాక్ట్స్ అవసరం లేదు కనుక సమ్మతి వైద్య సలహా వరకే చెల్లుతుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అయితే సంస్థల ముఖ్య బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అప్పటిదాకా మన జాగ్రత్తే మనకు దిక్కు.

పంచాంగం కావాలంటే చందా పద్ధతిలో దొరికేది వెతకండి. ఐసీఎస్ లింకు ఒక్కటి మీ వెబ్ క్యాలెండర్‌లో చేర్చుకుంటే తిథులు వచ్చి కనిపిస్తాయి. మీ ఖాతాలో దేన్నీ అది చదవదు, మార్చలేదు. నచ్చకపోతే ఒక్క నొక్కుతో తీసేయవచ్చు. లింకు మాత్రం మీకు తెలిసిన ప్రచురణకర్త నుంచే తీసుకోండి. మీరు వాడిన యాప్ వాళ్లకూ ఒక మెయిల్ రాసి, అలాంటి లింకు ఎందుకు ఇవ్వరని, మీ కాంటాక్ట్స్ నకలు తమ దగ్గర ఉంటే చెరిపేశారా అని అడగండి. జవాబు వస్తే నాకూ పంపండి.