అలిపిరి ఎక్కినోళ్లకు ఈ కొండలొక లెక్కా?

తిరుపతి వైపు నుంచి అమెరికాకు కొత్తగా వచ్చిన పిల్లలు హైకింగ్ (కొండలెక్కడం) మాటెత్తితే అడిగేది ఇదే: "3,550 మెట్లు ఎక్కినోళ్లం అన్నా, మాకేమవుతుంది?" కాళ్లకేమీ కాదు. కానీ అలిపిరి దారిలో తలమీద కప్పుంటుంది, అంగళ్లుంటాయి, ముందూ వెనకా గోవిందా అంటూ జనముంటారు. ఇక్కడి న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మౌంట్ వాషింగ్టన్ కొండ ఎత్తు 1,917 మీటర్లే, అయినా పైన చెట్టు చాటు కూడా దొరకదు. 1934 ఏప్రిల్‌లో ఆ శిఖరం మీద గంటకు 372 కిలోమీటర్ల గాలి వీచింది.

మంచు కురిస్తేనే ప్రమాదమనుకుంటారు. అదేం కాదు. 8, 10 డిగ్రీల్లో చొక్కా తడిసి గాలి కొడితే చాలు. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే అదే హైపోథెర్మియా. కాటన్ టీషర్టు, జీన్స్ ఇంట్లోనే వదిలేయండి. అవి తడిస్తే ఒక పట్టాన ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. ఒంటికి ఆనేది పాలిస్టరో ఉన్నిదో ఉండాలి, దానిమీద ఫ్లీస్ (మెత్తటి వెచ్చని స్వెట్టరు లాంటిది), ఆపైన వానా గాలీ ఆపే జాకెట్. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఫ్లీస్ తీసెయ్యండి, ఆగగానే వేసుకోండి. బయల్దేరేటప్పుడు ఎండ కాస్తున్నా సరే టోపీ, గ్లౌజులు, టార్చి బ్యాగులో ఉండాల్సిందే. చెనక్కాయల ఉండలు పెట్టుకుని ఆకలి కాకముందే తింటూ ఉండండి. వణకడానికీ ఒంటికి తిండి కావాలి.

ఒంటి వేడి తగ్గితే ముందు దెబ్బతినేది బుర్ర. తోటివాడు జిప్పు పెట్టుకోలేకపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, ఊరికే కసురుకుంటున్నా అనుమానించండి. "నాకేం కాలేదురా" అంటాడు, నమ్మొద్దు. వణుకు ఆగిపోయి మత్తుగా ఉన్నాడంటే తగ్గిందని కాదు, ముదిరిందని. వెంటనే ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయండి. తడిబట్టలు మార్చి, కింద బ్యాగులు పరిచి కూర్చోబెట్టి, తల, మెడ, ఛాతీ కప్పండి. కాళ్లూ చేతులూ రుద్దకండి. మద్యం పోస్తే వేడెక్కుతాడనే పెద్దమనుషులు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. మద్యం తాగితే చర్మం వెచ్చబడి లోపలి వేడి బయటికి పోతుంది. తెలివిగా ఉండి మింగగలిగితే తియ్యటి వేడి టీ చాలు.

ఎన్నింటికి వెనక్కి తిరగాలో పొద్దున్నే నిర్ణయించుకోండి. ఆ టైముకి శిఖరం కనబడుతున్నా దిగిపోండి, అక్కడ తీర్చుకోవాల్సిన మొక్కేమీ లేదు. చలికి ఫోన్ ఛార్జింగ్ తొందరగా దిగిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. చాలా చోట్ల సిగ్నలే ఉండదు. అందుకే ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, రాకపోతే ఎన్నింటికి 911కి చెప్పాలో రూమ్మేటుకు రాసిచ్చి వెళ్లండి.