'ధర్మాసుపత్రి' అనవచ్చా?

సందేహం: పాత మద్రాసులో దాతల డబ్బుతో వెలసిన ఆసుపత్రుల గురించి వ్యాసం రాస్తున్నాను. మా జేజి ఎప్పుడూ అనే 'ధర్మాసుపత్రి' అనే మాట వాడితే మా తెలుగు మాస్టారు కొట్టేశారు. ఆసుపత్రి సంస్కృతం కాదు, సవర్ణదీర్ఘం కుదరదు, 'ధర్మవైద్యశాల' అని మార్చమన్నారు. ఏది సరి? 'గోషా ఆసుపత్రి వెంకటగిరి రాజా చేత స్థాపించబడినది' అన్న వాక్యం బాగుందా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: మీ జేజి మాటే ఉంచండి. సవర్ణదీర్ఘం సంస్కృత పదాల మధ్యే జరుగుతుందని మాస్టారు చెప్పింది నిజమే. 'ఆసుపత్రి' హాస్పిటల్ నుంచి వచ్చిందన్నదీ నిజమే. కానీ ఇక్కడ ఉన్నది అత్వసంధి. 'ధర్మ' చివరి అకారం పోయి, దాని చోట 'ఆ' నిలిచింది. చింత, ఆకు కలిసి చింతాకు అయినట్టే. కర్నూలులో అందరూ 'పెద్దాసుపత్రి' అంటారు కదా, 'పెద్ద' అచ్చ తెలుగు మాట. అక్కడ కుదిరిన సంధి ఇక్కడా కుదురుతుంది. అత్తుకు (అంటే చివరి అకారానికి) సంధి బహుళమని, జరగొచ్చు, జరగకపోవచ్చు అని చిన్నయసూరి చెప్పాడు కాబట్టి 'ధర్మ ఆసుపత్రి' అని విడిగా రాసినా తప్పు లేదు.

ఇందులో 'ధర్మం' అంటే నీతి, న్యాయం కాదు. వెల తీసుకోకుండా ఇచ్చేది. 'ధర్మం చెయ్యండి' అన్నప్పటి అర్థం. మీ వ్యాసానికి ఈ అర్థమే ప్రాణమని నా అభిప్రాయం. మద్రాసు స్టాన్లీ ఆసుపత్రికి మూలం 1782 నాటి కరువులో పేదలకు గంజి పోసిన మణేగార్ సత్రం. అందుకే తమిళులు దాన్ని 'కంజితొట్టి ఆసుపత్రి' అన్నారు. అప్పట్లో పేదవాడికి అన్నం పెట్టిన చోటే మందూ దొరికింది. ఆ సంగతి 'ధర్మాసుపత్రి'లో వినిపిస్తుంది. 'ధర్మవైద్యశాల'లో వ్యాకరణ దోషం లేదు గానీ, అది మన జిల్లాల్లో జనం నోట ఉన్న మాట కాదు.

గోషా ఆసుపత్రి వాక్యాన్ని మాత్రం మార్చాలి. '–బడినది' తెలుగు వాక్యానికి బరువు. అంతకన్నా ముఖ్యంగా, విషయమే తప్పు. మగ డాక్టర్ల దగ్గరికి రాలేని ఆడవాళ్ల కోసం ఆ ఆసుపత్రిని 1885లో మొదలుపెట్టింది మేరీ షార్లీబ్ అనే డాక్టరమ్మ. రాజావారు తర్వాత భవనాలకు డబ్బిచ్చారు. స్థాపించడం వేరు, కట్టించడం వేరు. ఇలా రాయండి: 'మేరీ షార్లీబ్ 1885లో గోషా ఆసుపత్రి స్థాపించారు. దాని భవనాలకు వెంకటగిరి రాజా 1890లో లక్ష రూపాయలు ఇచ్చారు.'