పాత కుకింగ్ రేంజ్ తీసేయకుండా వంటగది మార్చుకోవచ్చా?

విజయవాడలో ఏలూరు రోడ్డు దగ్గర పాత ఇల్లు, అత్తగారి కాలం నాటి నాలుగు బర్నర్ల కుకింగ్ రేంజ్, కింద ఒవెన్. మాడ్యులర్ కిచెన్ వాళ్లు దాన్ని అమ్మేసి గట్టులో బిగించే హాబ్ స్టవ్ పెట్టుకోమంటున్నారు, మీకేమో మనసొప్పడం లేదు. ఇదే కదా మీ సమస్య. అమ్మక్కర్లేదండి. సత్యనారాయణపురంలో మా ఇంట్లో రేంజ్‌ని ఉంచే వంటగది మార్పించాం. మా మామగారు రైల్వేలో పనిచేసే రోజుల్లో కొన్నది అది, ఇప్పటికీ రోజూ వెలుగుతోంది. కాకపోతే పని వరుస ముఖ్యం. ముందు స్టవ్ సంగతి తేల్చుకోవాలి, తర్వాత గ్యాస్ లైన్, ఆ తర్వాతే గ్రానైటూ కార్పెంటరూ. మాడ్యులర్ వాళ్లు దీన్ని తిరగేసి మొదలుపెడతారు. వాళ్లు అమ్మేది చెక్క కాబట్టి అది వాళ్లకు సహజమే.

పాత స్టవ్‌లు విప్పి బాగుచేయడం వచ్చిన మెకానిక్‌ని ఇంటికి పిలిపించండి. నాబ్‌ల వెనక ఉండే వాల్వుల్లో గ్రీజు ఎండిపోయి ఉంటుంది. తిప్పుతుంటే బిగుసుకున్నట్టుండటం, కట్టేసినా సన్నగా గ్యాస్ వాసన రావడం దానివల్లే. విప్పి, తుడిచి, వేడికి ఆగే గ్రీజు పెడితే చాలావరకు దారికొస్తాయి. గిన్నెలు పెట్టే ఇనప చట్రం విరిగినా, నాబ్ కడ్డీ అరిగినా ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లు కొత్తది చేసిస్తారు. బర్నర్లోకి గ్యాస్ వదిలే చిన్న ముక్కని జెట్ అంటారు, దాని రంధ్రం మాత్రం ఎవరి చేతా పెద్దది చేయించొద్దు. మంట సన్నగా వస్తుంటే చాలామంది మెకానిక్‌లు చేసే మొదటి పని అదే. ముందు జెట్‌లో మసి ఉందేమో చూడమనండి.

మీ వీధికి భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల పైపు లైన్ వచ్చి ఉంటే ఇది ఇంకా ముఖ్యం. సిలిండర్ రెగ్యులేటర్ సుమారు 30 మిల్లీబార్ల ప్రెషర్‌తో గ్యాస్ ఇస్తుంది, పైపు గ్యాస్ 21 దగ్గర ఉంటుంది. పైగా అంతే పరిమాణంలో పైపు గ్యాస్ ఇచ్చే వేడి ఎల్పీజీలో సగం కూడా ఉండదు. అందుకే దానికి జెట్ రంధ్రం పెద్దదిగా ఉండాలి. పైపు గ్యాస్ జెట్ ఉన్న స్టవ్‌కి సిలిండర్ తగిలిస్తే మంట పసుపురంగులో ఎగిసిపడుతుంది. ఏ గ్యాస్ వాడాలో ఇప్పుడే నిర్ణయించుకుని, దానికి తగిన జెట్లే వేయించుకోండి.

ఒవెన్ తలుపు చుట్టూ తెల్లటి తాడు లాంటిది ఉంటే గీకొద్దు, పీకొద్దు. ఆ కాలపు ఒవెన్లలో ఆస్బెస్టాస్ వాడి ఉండే అవకాశముంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కదిలించక తప్పకపోతే పొడి రేగకుండా తడిపి తీయమనండి. దాని స్థానంలో ఫైబర్‌గ్లాస్ తాడు పెట్టొచ్చు.

ఇక అందరూ వదిలేసే విషయం. గట్టు మీది స్టవ్‌కీ రేంజ్‌కీ ఉన్న పెద్ద తేడా ఎత్తు కాదు, ఒవెన్ బర్నర్ నేలకి జానెడు పైన ఉండటం. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగి నేలమీద పరుచుకుంటుంది. స్టవ్ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలని గ్యాస్ కంపెనీలు చెప్పేది అందుకే. రేంజ్‌లో పైబర్నర్లకు ఆ లెక్క సరిపోతుంది, ఒవెన్‌కి సరిపోదు. పాత ఒవెన్లలో చాలావాటికి మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగే ఏర్పాటు కూడా ఉండదు. కాబట్టి సిలిండర్‌ని రేంజ్ పక్కన అరలో పెట్టించొద్దు. మేం వెనక వసారాలోకి మార్పించి, అక్కణ్నుంచి గోడవెంట రాగి గొట్టం వేయించాం. ఇది గ్యాస్ ఏజెన్సీకి చెప్పి, వాళ్ల మెకానిక్ చేతే చేయించాల్సిన పని. రేంజ్ దగ్గర, గోడ అడుగున, లీకైన గ్యాస్ బయటికి పోవడానికి ఒక కన్నం పెట్టించి మెష్ బిగించాలి. మెష్ లేకపోతే ఎలుకలకు స్వాగతం పలికినట్టే, వాటికి రబ్బరు ట్యూబంటే మహా ఇష్టం. చివర్లో వేసే ట్యూబు తీగ అల్లిక ఉన్న నారింజరంగు సురక్ష ట్యూబే కావాలి, మీటరున్నర మించకూడదు, 5 ఏళ్లకోసారి మార్చాలి. దాన్ని ఒవెన్ వెనకనుంచి లాగొద్దు, అక్కడ వేడి దిగుతుంది. పని పూర్తయ్యాక ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు రాసి, బుడగలొస్తున్నాయేమో మీరే చూసుకోండి. సిలిండర్ గ్యాస్ లీకైతే ఫోన్ చేయాల్సిన నంబరు 1906.

ఎత్తు గురించి ఎక్కువ టెన్షన్ పడొద్దు. మామూలు గట్టు 32 అంగుళాలు, దానిమీద స్టవ్ మరో నాలుగు. గిన్నె చివరికి ఉండేది 36 దగ్గరే, చాలా రేంజ్‌లూ అంతే ఉంటాయి. మీది టేపుతో కొలవండి. మేం రేంజ్‌కి ఒకవైపు అడుగు వెడల్పున గట్టుని దాంతో సమంగా లేపించాం, కాలుతున్న మూకుడు దించడానికి. మిగతా గట్టంతా 32లోనే ఉంది, చపాతీ పిండి కలపడానికి అదే హాయి. రేంజ్‌ని గట్టులో బిగించేయకండి. రెండు పక్కలా అంగుళంన్నర వదిలి, ఖాళీకి అటూఇటూ ప్లైవుడ్ కాకుండా నిలువు గ్రానైట్ పలకలు పెట్టించండి. కింద మట్టంగా ఒకే బండ వేయిస్తే ముందుకి లాగి వెనక తుడుచుకోవచ్చు. నేల వాలుగా ఉంటే దోసె పెనం మీద నూనె ఒక పక్కకే జారుతుంది. రేంజ్‌కి పైమూత ఉంటే, అది పూర్తిగా తెరిచి చూశాకే పైన అరలు ఎక్కడ రావాలో గీయించండి.

వాస్తు మీద నాకు పట్టింపు తక్కువ. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఉంటే మాత్రం, ఆగ్నేయం మూల, తూర్పు ముఖం అన్న మాటలు గోడ పగలగొట్టకముందే తేల్చుకోండి. గొట్టం వేశాక రేంజ్‌ని వేరే మూలకి మార్చడం కుదరదు.

చిమ్నీ లేకుండా మన వంట ఈ రోజుల్లో కష్టం. ఎండుమిర్చి తిరగమోత వేస్తే హాల్లో ఉన్నవాళ్లు కూడా దగ్గుతారు, రోహిణి కార్తెలో తలుపులన్నీ మూసి ఏసీ వేసుకుంటే మరీనూ. రేంజ్ 60 సెంటీమీటర్లే అయినా 90 చిమ్నీ తీసుకోండి, ముందు బర్నర్ల పొగ పక్కలకి పోకుండా ఉంటుంది. బర్నర్ల నుంచి 65–75 సెంటీమీటర్ల ఎత్తులో బిగించాలి. గొట్టం వంపులు ఎన్ని తగ్గితే అంత మంచిది.

కింది అరలకు ప్లైవుడ్ వద్దనే అంటాను. 2024లో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా బంధువుల ఇంట్లో చెక్క క్యాబినెట్లన్నీ ఉబ్బి బయటపడేయాల్సి వచ్చింది. బండలతో కట్టిన అరలు కడిగితే సరిపోయాయి. మీవైపు నీళ్లు రాకపోయినా చెదలు వస్తాయి. గ్రానైట్ అరలు కట్టించి తలుపులు మాత్రం పెట్టించుకుంటే ఖర్చు కూడా తగ్గుతుంది.

ఒవెన్ నిజంగా వాడతారా అన్నది మీరే ఆలోచించుకోవాలి. మా పక్కింటివాళ్ల క్రిస్మస్ కేకులు కూడా మా ఒవెన్లోనే తయారవుతాయి కాబట్టి మాకు గిట్టుబాటైంది. చాలా ఇళ్లలో అది మూకుళ్లు దాచుకునే అల్మరా అయిపోతుంది. మీదీ అంతే అయితే ఒవెన్‌కి వెళ్లే గ్యాస్‌ని మెకానిక్ చేత పూర్తిగా మూయించేసి, పైబర్నర్లు వాడుకోండి. నేల దగ్గర లీకు భయం చాలావరకు పోతుంది.

మాడ్యులర్ వాళ్లకు రేంజ్ కొలతలు, దాని చుట్టూ వదలాల్సిన ఖాళీ కాగితం మీద రాసిచ్చి, మిగతాదానికే కొటేషన్ అడగండి. ఆ మాట విన్నాక కొందరు మళ్లీ ఫోన్ చేయరు. చేయకపోయినా నష్టం లేదు, మంచి మేస్త్రీ, తలుపులు బిగించడానికి ఒక కార్పెంటరూ ఉంటే ఈ పని అయిపోతుంది.