నోటి నుంచి కత్తి: ‘వలె’ లేకపోతే నిజంగా కత్తేనా?

సందేహం: బైబిల్లోని చివరి పుస్తకం ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయంలో, దాన్ని రాసిన యోహానుకు దర్శనంలో కనిపించిన క్రీస్తు ఆకారానికి కళ్లు అగ్నిజ్వాల వంటివి, స్వరం జలప్రవాహాల ధ్వని వలె ఉంది. నోటి నుంచి రెండంచుల కత్తి వస్తోందన్న చోట మాత్రం ‘వంటి’ గానీ ‘వలె’ గానీ లేదు. దాన్ని అక్షరాలా తీసుకోవాలా? ‘వలె’, ‘వంటి’ ఒకటేనా?

సమాధానం: అక్షరాలా తీసుకోనక్కర్లేదండి. “పులి సీట్లో ఉందా?” అని మేనేజరు గురించి గుసగుసగా అడిగితే ఎవరూ అటవీశాఖకు ఫోన్ చేయరు కదా! ఉపమేయాన్ని (పోల్చే వస్తువును) మింగేసి ఉపమానాన్నే (దేనితో పోలుస్తామో దాన్నే) నిలబెట్టడాన్ని మన ఆలంకారికులు రూపకాతిశయోక్తి అన్నారు. ఇక్కడ ‘మాట’ ఉండాల్సిన చోట కత్తి నిలబడింది. బైబిల్లోనే అంతకు ముందరి పుస్తకమైన యెషయా 49:2 హీబ్రూ మూలంలో దేవుడు తన సేవకుడి నోటిని వాడి కత్తిలా చేశాడని పోలిక విప్పి చెప్పారు. యోహాను దగ్గరికి వచ్చేసరికి ఆ ‘లా’ రాలిపోయింది.

ఈ దర్శనాన్ని ఫొటోలా చూస్తే చిక్కే. 16వ వచనంలో కుడిచేతిలో ఏడు నక్షత్రాలున్నాయి. మరుసటి వచనంలోనే ఆ కుడిచేయి యోహాను మీద పడుతుంది. మరి నక్షత్రాలు ఎటు పోయినట్టు? జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1498లో ఈ దృశ్యాన్ని చెక్కఅచ్చు బొమ్మగా వేసినప్పుడు నోటి దగ్గర కత్తి పెట్టాడు, కళ్ల దగ్గర మంటలూ వేశాడు. ‘వంటి’ ఉన్నదీ లేనిదీ బొమ్మలో ఒకటైపోయాయి. బొమ్మకు ‘వంటి’ అనే సౌకర్యం లేదు మరి.

‘వంటి’ ఉన్న ప్రతిచోటా ఉపమాలంకారం ఉందనీ అనుకోవద్దు. ప్రకటన 8:8లో మండుతున్న పెద్ద కొండ వంటిది సముద్రంలో పడుతుంది. అదేమిటో యోహాను చెప్పడు. “గొంతులో ముల్లులాంటిదేదో గుచ్చుకుంటోంది” అంటామే, అలాంటి వాడుక ఇది: సరైన పేరు దొరక్క దగ్గరి మాటతో సరిపెట్టుకోవడం. 9వ అధ్యాయంలోని మిడతలను హెలికాప్టర్లని తేల్చేసేవాళ్లు ఈ తడుములాటను పట్టించుకోరు. గ్రంథమే విప్పి చెప్పిన చోట మాత్రం పేచీ లేదు: ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలు (1:20), మృగం ఏడు తలలు ఏడు కొండలు (17:9). ఏడు కొండలంటే ఆనాటి శ్రోతలకు రోమే గుర్తొచ్చేది.

ఇక రెండో ప్రశ్న. ‘వంటి’ నామవాచకానికి ముందు విశేషణంగా వస్తుంది: మంచు వంటి తెలుపు. ‘వలె’ సాధారణంగా క్రియతో అన్వయిస్తుంది: మంచు వలె మెరిసింది. వాడుకలో ‘లాంటి’, ‘లా’ అన్నా తప్పు లేదు.