చవక పిస్టల్ కొని ట్రిగ్గర్ మారిస్తే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: ఎనిమిది నెలలుగా క్లబ్ పిస్టల్‌తో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేస్తున్నాను. ఇప్పుడు సొంతంగా ఒకటి కొనుక్కోవాలని ఉంది. మంచి మ్యాచ్ పిస్టల్ (పోటీల కోసమే తయారుచేసేది) ధరలో మూడో వంతుకే ఒక మోడల్ దొరుకుతోంది, కానీ దాని ట్రిగ్గర్ బాగా బిగువు అంటున్నారు. ముందు అది కొని, తర్వాత విడతలుగా బయటి కంపెనీ ట్రిగ్గర్ కిట్, గ్రిప్ (చేతిపిడి) వేయించుకుంటే భారం తగ్గుతుందా? లేక మంచి పిస్టల్‌నే క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. ఎందుకో చెబుతాను.

ట్రిగ్గర్ బిగువు వేరు, గరుకు వేరు. స్ప్రింగ్ మారిస్తే బిగువు తగ్గుతుంది. కానీ లోపల ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే ఉక్కు అంచులు నునుపుగా లేకపోతే, వేలు నొక్కుతున్నంత సేపూ ఆ గరుకు తెలుస్తూనే ఉంటుంది. గురి చెడేది ఎక్కువగా దానివల్లే. అందుకే స్ప్రింగ్‌తో మొదలైన ఖర్చు అక్కడితో ఆగదు. తర్వాత మొత్తం కిట్, ఆపైన మెకానిక్ కూలి, చివరికి గ్రిప్. ఇవన్నీ కలిపితే మ్యాచ్ పిస్టల్ ధరకు చాలా దగ్గరగా వచ్చేస్తారు. రేపు అమ్మాలంటే మాత్రం కొనేవాడు మీ కిట్‌కు విలువ కట్టడు. పైగా విప్పిన పిస్టల్‌కు చాలా కంపెనీల వారంటీ వర్తించదు.

ఇంకో విషయం. పోటీల్లో 10 మీటర్ల విభాగానికి ట్రిగ్గర్‌కు 500 గ్రాముల బరువు తగిలించి ఎత్తినా పిస్టల్ పేలకూడదు. అంతకన్నా తేలికైతే తనిఖీలోనే తిప్పి పంపేస్తారు. నేను మొదట్లో ఒక పిస్టల్‌కు మెత్తటి స్ప్రింగ్ వేయించాను. మ్యాచ్ రోజు తనిఖీలో అది బరువు ఆపలేదు. అప్పటికప్పుడు స్క్రూలు తిప్పుకుంటూ పడిన టెన్షన్ మీకు రాకూడదనే ఇంతగా చెబుతున్నాను. డబ్బు కలిసొస్తుందని స్ప్రింగ్ చుట్టు కత్తిరించే పని అసలు చేయకండి. అంచుల పట్టు సరిగా లేని పిస్టల్ వేలు తగలకుండానే పేలవచ్చు.

నా సలహా సెకండ్ హ్యాండ్ మ్యాచ్ పిస్టల్. స్టెయిర్, మొరిని, వాల్తర్ వంటి కంపెనీల మ్యాచ్ పిస్టళ్లలో ట్రిగ్గర్ బరువు, మొదటి దశ (పేలే ముందు వేలు తేలిగ్గా కదిలే దూరం), పేలాక ట్రిగ్గర్ వెనక ఆగే చోటు అన్నీ స్క్రూలతోనే సర్దుకోవచ్చు. ఏ కిట్టూ అక్కర్లేదు. కొత్త దాని విలువ మొదట్లో పడాల్సినంత పడిపోతుంది, ఆ నష్టం మొదటి యజమానిదే. బాగా చూసుకుంటే రెండేళ్ల తర్వాత మీరు అమ్మినా పెట్టిన డబ్బులో చాలా భాగం తిరిగొస్తుంది. అదీ అందకపోతే బైకాల్ ఐజడ్‌హెచ్-46ఎమ్ చూడండి. గాలి నింపడానికి ప్రతి షాట్‌కూ లివర్ లాగాలి, 60 షాట్లకు చెయ్యి నొస్తుంది. కానీ మిగతా మ్యాచ్ పిస్టళ్లలా గాలి సిలిండర్ ఖర్చు లేదు, ట్రిగ్గర్ సర్దుబాటు కంపెనీ నుంచే వస్తుంది.

ఈఎంఐ ఎందుకు వద్దంటే, పిస్టల్ కొన్నాకే అసలు ఖర్చు మొదలవుతుంది. వారానికి మూడు రోజులు, రోజుకు 80 షాట్ల చొప్పున కాల్చినా ఏడాదికి దాదాపు 12,500 పెల్లెట్లు (ఎయిర్ పిస్టల్‌లో వాడే చిన్న గుళ్లు). అంటే 500 పెల్లెట్ల డబ్బాలు 25. రేంజ్ ఫీజు, కోచ్ ఫీజు దీనికి అదనం. కిస్తీ కడుతూ పెల్లెట్లకు వెనకాడితే పిస్టల్ పెట్టెలోనే ఉంటుంది. అత్యవసర నిధిని ముట్టుకోకండి. కిస్తీకి ఎంత కట్టగలరో అంత మొత్తాన్ని ప్రతి నెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పది, పన్నెండు నెలలు క్లబ్ పిస్టల్‌తోనే గడపండి. గ్రిప్ మాత్రం ఇప్పుడే మీ చేతికి తగినట్టు చేయించుకోవాలనిపిస్తుంది, అది కూడా సొంత పిస్టల్ వచ్చాకే.

కొనే రోజు మీ కోచ్‌ను వెంట తీసుకెళ్లండి, కనీసం 40 షాట్లు కాల్చి చూడండి. సిలిండర్ ఉన్న పిస్టల్ అయితే దాని మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. సాధారణంగా పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీల్లో అనుమతించరు, కొత్త సిలిండర్ ఖర్చు చిన్నది కాదు. ఆ తేదీ చదవకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.