డు, రు: ఎవరికి ఏది?

సందేహం: ఒకే వార్తలో 'ఎమ్మెల్యే పరామర్శించారు', 'కూలీ మరణించాడు', 'అతని భార్య సొమ్మసిల్లింది' అని చదివాను. వ్యాకరణం ప్రకారం ఇది సరైనదేనా? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: మూడు వాక్యాల్లోనూ వ్యాకరణదోషం లేదు. దోషమంతా వాటిని అలా పక్కపక్కన పేర్చడంలో ఉంది.

రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య 15వ శతాబ్దంలోనే 'నిండార రాజు నిద్రించు నిద్రయు నొకటే, అండనే బంటు నిద్ర అదియు నొకటే' అన్నాడు. భావం అందరికీ తెలిసిందే, నేను చూడమనేది రూపాన్ని. రాజుకు 'గారు' లేదు, బిరుదు లేదు. బంటును తగ్గించే ప్రత్యయమూ లేదు. ఆ వెంటనే 'మెండైన బ్రాహ్మణుడు', 'చండాలుడుండేటి' అంటాడు. ఆ రెండో పదం నేడు ఎవరి నోటా రాకూడనిదే. కానీ ఇద్దరికీ ఆయన ఇచ్చింది ఒకే 'డు'. తూకంలో వీసమెత్తు తేడా రానివ్వలేదు.

స్త్రీల సంగతి ఇంకా బాధాకరం. ఏకవచనంలో మన భాష స్త్రీని అమహత్తుతో, అంటే జంతువులూ వస్తువుల తరగతితో, కలిపింది: ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. బహువచనంలోకి వస్తేనే ఆమెకు మనుషుల క్రియ దక్కుతుంది. మహిళా మంత్రికి ఆ 'రు' అడగకుండానే ఇస్తాం. అనంతపురం చేలలో వేరుశనగ చెట్లు పీకే తల్లికి ఎందుకివ్వం?

'గాడు' అంటారా, ఆటగాడు, అందగాడులో మెప్పే. పేరుకు తగిలిస్తే చులకన.

'పాకీవాడు' మాని 'పారిశుద్ధ్య కార్మికుడు' అంటున్నాం, సంతోషం. నామవాచకం మారింది, క్రియ మాత్రం కదల్లేదు: 'కార్మికుడు చెప్పాడు, కమిషనర్ చెప్పారు.' వేదికలెక్కితే ఒకే పేరుకు ముందు 'గౌరవనీయులు', వెనుక 'గారు', క్రియలో 'రు'. ఇంత దుబారా చేసే మనకు కూలీ దగ్గరికి వచ్చేసరికి ఒక్క అక్షరం బరువైపోతోంది!

అలాగని ఏకవచనమంతా అవమానం కాదు. అమ్మనూ దేవుణ్ణీ ఏకవచనంలోనే తలుచుకుంటాం. పైన అన్నమయ్యను నేనూ అలాగే అన్నాను. నిందితుల విషయంలో బహువచనం పొసగదనేవారి మాటనూ కొట్టిపారేయలేను. కానీ ఎమ్మెల్యేకు 'రు' వాడిన వార్తలో 'కూలీ మరణించారు, ఆయన భార్య సొమ్మసిల్లారు' అనే రాయాలి. లేదా ముగ్గురికీ ఏకవచనమే వాడాలి. వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది, నాకు మొదటిదే ఇష్టం.